టీవీ ముందు నోరు మెదపని పిల్లలు: కలిసి నేర్చుకునేలా చేయడం ఎలా?

చింతచెట్టు_బడి
మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు ప్రధానోపాధ్యాయుడు చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు కలిపి ఒకే గదిలో 27 మంది నా దగ్గర ఉంటారు. గోడకు పెద్ద స్మార్ట్ టీవీ ఉంది. రెండు ట్యాబులు ఉన్నాయి. కరెంటు కూడా బాగానే ఉంటుంది.

ఐదో తరగతి కోసం నీటి చక్రం వీడియో పెట్టాను. మూడు తరగతులూ రెప్ప వేయకుండా చూశాయి. గది అంత నిశ్శబ్దంగా ఉన్నందుకు మురిసిపోయాను. మరునాడు "ఆవిరి పైకి వెళ్లి ఏమవుతుంది?" అని అడిగితే ఒక్కరూ పలకలేదు. చివరికి నాలుగో తరగతి పిల్ల లేచి "టీవీలోకి వెళ్లిపోతుంది టీచర్" అంది. అప్పుడు నవ్వాను గానీ రాత్రంతా ఆ మాటే మనసులో తిరిగింది. ఆ పిల్ల చూసింది చూసినట్టే చెప్పింది. బొమ్మలో ఆవిరి తెర పై అంచు దాకా వెళ్లి మాయమైంది కదా!

ట్యాబుల బాధ వేరు. గుంపుకు ఒకటి ఇస్తే ఇంట్లో ఫోను అలవాటున్న ఇద్దరు మగపిల్లలే పట్టుకుంటారు. మిగతావాళ్లు వాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తారు. వెనక వరుసలో కూర్చునే ఒక అమ్మాయి జూన్ నుంచి ఇప్పటిదాకా ఆ తెరను ఒక్కసారి కూడా ముట్టుకోలేదని మొన్ననే గమనించాను. ఇన్నాళ్లు చూడకపోవడం నా తప్పే.

ఉపకరణాలు వద్దని నేను అనడం లేదు. అవి ఉన్న గదిలో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ నేర్చుకునేలా చేసినవారు ఉంటే చెప్పండి. శిక్షణలో విన్నది వద్దు. మీ గదిలో జరిగింది కావాలి.

నాలుగో_గంట
నిశ్శబ్దంగా ఉన్నారంటే వింటున్నారని కాదు, మేడం. నాకు ఇది అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.

సీమ_పంతులు
ఆ టీవీకి ఒక గుడ్డ కప్పి ఉంచండి. పిల్లలు కలిసి నేర్చుకోవడానికి తెర ఎందుకు? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులు చూసి రండి. 1980ల చివరి నుంచి అట్ట కార్డులతోనే బహుళ తరగతి బోధన చేసి చూపించారు. గోడ మీద నేర్చుకునే నిచ్చెన ఉంటుంది. ఏ మెట్టు మీద ఉన్న పిల్లవాడు ఆ మెట్టు కార్డు తానే తీసుకుంటాడు. ఒక గుంపు పక్కన టీచరు కూర్చుంటారు, ఇంకో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, మరొకరు ఒంటరిగా చేసుకుంటారు. తమిళనాడు బడుల్లోకి వెళ్లిన కార్యాచరణ పద్ధతికి మూలం అదే. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనికొచ్చింది మీకు పనికిరాదా?

చింతచెట్టు_బడి
సీమ_పంతులు గారు, ఆ కార్డుల గొప్పతనం నాకు తెలుసు. కానీ ఒక్కో మెట్టుకు ఒక్కో కార్డు తయారుచేయడం వెనక ఎన్నో ఏళ్ల పని ఉంది. నేను రేపు ఉదయం తొమ్మిదికి బడికి వెళ్లాలి. చేతిలో ఉన్నవాటితో ఏం చేయవచ్చో చెప్పండి.

మౌసుల_మేస్త్రి
భుజాల మీదుగా తొంగి చూసే పిల్లల గురించి రాశారు చూడండి, అది మీ గదిలో ఒక్కచోటే లేదు. కంప్యూటర్ల మరమ్మతు పని మీద బళ్ల వెంట తిరిగినప్పుడు ప్రతిచోటా అదే చూశాను. ఒక కంప్యూటర్, చుట్టూ ఐదారుగురు, మౌసు ఒక్కడి చేతిలో. ఆ ఒక్కడు సాధారణంగా కాస్త పెద్దవాడు, లేదా చదువులో ముందున్నవాడు.

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం వాళ్లు పల్లె బళ్లలో ఇదే గమనించి, 2006 ప్రాంతంలో చాలా తేలికైన ఉపాయం చేశారు. ఒకే కంప్యూటర్‌కు నాలుగైదు మౌసులు తగిలించి, తెర మీద ఒక్కో పిల్లకు ఒక్కో రంగు బాణం ఇచ్చారు. అందరి చేతుల్లోనూ మౌసు ఉంది కాబట్టి ఎవరూ పక్కకు పోలేదు.

అసలు నేర్చుకోవలసింది ఆ తరువాత జరిగిన దాంట్లో ఉంది. ముందు నొక్కినవాడిదే గెలుపు అన్న ఆట పెడితే, ముఖ్యంగా మగపిల్లలు ప్రశ్న చదవకుండానే టకటకా నొక్కేశారు. అందరూ ఒకే జవాబు మీద నొక్కితేనే ముందుకు కదిలే ఆట పెడితే మాట్లాడుకోక తప్పలేదు. "అది కాదు, ఇది నొక్కు" అంటే "ఎందుకు?" అనే మాట వచ్చింది. మౌసులు అవే, కంప్యూటర్ అదే. ఆట నియమం ఒక్కటే మారింది.

అందుకే ట్యాబు ఎన్ని ఉన్నాయి అన్నది కాదు, ఒక్కడు నొక్కితే పని అయిపోతుందా లేదా అన్నది చూడండి. ఒక్కడితో అయిపోయే పని ఇస్తే గుంపు ఎప్పటికీ ఏర్పడదు.

నాలుగో_గంట
మేస్త్రి గారి చివరి మాటను కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల టీచర్ల) సమావేశంలో బోర్డు మీద రాస్తాను.

గోదారిగట్టు
పిల్లలకు వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారు, మనం అడ్డుపడకుండా ఉంటే చాలు. 1999లో సుగతా మిత్రా అనే పరిశోధకుడు ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చితే, పంతులు లేకుండానే బస్తీ పిల్లలు నేర్చుకున్నారు కదా?

సీమ_పంతులు
నేర్చుకున్నారు. ఎవరు? గోడ దగ్గరికి తోసుకుని వెళ్లగలిగినవాళ్లు. అక్కడికి వెళ్లి చూసిన వేరే పరిశోధకులు పెద్ద మగపిల్లలే ముందు నిలబడడం, బొమ్మలు గీయడం, ఆటలు ఆడుకోవడం ఎక్కువగా కనిపించాయని రాశారు. చింతచెట్టు మేడం గదిలో వెనక వరుస అమ్మాయి ఆ గోడ దగ్గర ఎక్కడ నిలబడి ఉండేదో ఆలోచించండి.

గోదారిగట్టు
అది ఒప్పుకుంటాను. కానీ మిత్రా తరువాత చేసిన పనిలో నలుగురైదుగురికి ఒక కంప్యూటర్ ఇచ్చి, ఒక పెద్ద ప్రశ్న వేసి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు వెళ్లి చూసి రావచ్చు అన్నాడు. చూసి రాయడం తప్పు కాదన్న ఆ ఒక్క మాటకే మా ఐదో తరగతి మారిపోయింది. మన బళ్లలో పక్కవాడి పలక చూస్తే దెబ్బ పడుతుంది. నేర్చుకోవడానికి పక్కవాడి పలకను మించినది ఏముంది?

ఇద్దరు_పిల్లల_తల్లి
టీచర్ల మధ్యలో తల్లిగా ఒక మాట. మేము డల్లాస్ దగ్గర ఉంటాము. మా చిన్నది రెండో తరగతి. క్లాసులో ప్రతి ఒక్కరికీ ఒక చిన్న ల్యాప్‌టాప్ ఉంది. మీరు చెబుతున్న లాక్కోవడం, తోసుకోవడం అక్కడ లేదు. కానీ ఒకరోజు క్లాసులో సాయం చేయడానికి వెళితే, ఇరవై మంది చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి తెర వాళ్లు చూసుకుంటున్నారు. నలభై నిమిషాల్లో ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా అనుకోలేదు. మా అమ్మాయికి పక్కన కూర్చునే పాప పేరు తెలియడానికి నెల పట్టింది.

ప్రతి పిల్లకూ ఒక పరికరం ఉంటే అంతా బాగుంటుందని ఎవరైనా అనుకుంటుంటే, నా కళ్లతో చూసింది చెబుతున్నాను. మీ గదిలో రెండే ఉండడం లోటు కాకపోవచ్చు.

కొండపల్లి_బొమ్మ
నేను చేస్తున్నది చెబుతాను. పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పిల్లల దగ్గర ఏ పరికరమూ లేకుండా, టీచరు ఫోను ఒక్కటే ఉంటే చాలనే పద్ధతి ఇది. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. అందులోంచి కార్డులు ముద్రించుకోవచ్చు. ప్రతి కార్డు మీద ఒక నల్లటి గళ్ల బొమ్మ ఉంటుంది, ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు. కార్డుకు నాలుగు పక్కల ఏ, బీ, సీ, డీ అని సన్నగా రాసి ఉంటుంది. పిల్లవాడు తాను అనుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. నేను ఫోను కెమెరాతో గది ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చూపిస్తే, ఎవరు ఏ జవాబు చెప్పారో నా ఫోనులో పేర్లతో సహా వస్తుంది. బొమ్మలు వేరు కాబట్టి పక్కవాడిని చూసి పట్టుకోవడం కుదరదు. తప్పు చెప్పినవాడికి నలుగురిలో నవ్వులపాలయ్యే భయమూ లేదు.

ఇది పరీక్ష కోసం వాడితే సగం వృథా. నేను ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతాను. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడు 1990లలో కాలేజీ పిల్లలతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముందు ఎవరికి వారు జవాబు చూపించాలి. ఏది సరైనదో నేను చెప్పను. "ఇప్పుడు నీ జవాబుతో కలవనివాళ్లను వెతుక్కుని, వాళ్లను ఒప్పించు" అంటాను. మూడు నిమిషాల తరువాత మళ్లీ కార్డులు ఎత్తాలి.

నాలుగో తరగతిలో "అరభాగం పెద్దదా, మూడో వంతు పెద్దదా?" అని అడిగాను. 22 మందిలో 14 మంది మూడో వంతే పెద్దదన్నారు, రెండు కన్నా మూడు పెద్దది కాబట్టి. తరువాత గదిలో సంత మొదలైంది. ఒక పిల్లవాడు తన మధ్యాహ్న భోజనం చిక్కీ తీసి "ఇద్దరం పంచుకుందామా, ముగ్గురం పంచుకుందామా, నీకెప్పుడు ఎక్కువ వస్తుంది?" అన్నాడు. రెండోసారి కార్డులు ఎత్తితే తప్పు చెప్పినవాళ్లు ముగ్గురే మిగిలారు. నేను బోర్డు మీద ఒక్క గీత కూడా గీయలేదు.

ఒక జాగ్రత్త. అందరికీ తెలిసిన ప్రశ్న, ఎవరికీ తెలియని ప్రశ్న రెండూ పనికిరావు. సగం మంది అటూ, సగం మంది ఇటూ ఉండే ప్రశ్న వెతకడంలోనే కష్టమంతా ఉంది.

జొన్నరొట్టె
ఆ చిక్కీ చివరికి ఎవరు తిన్నారు?

కొండపల్లి_బొమ్మ
ముగ్గురూ పంచుకున్నారు. మూడో వంతు తక్కువని నోటితోనే తెలిసింది!

సీమ_పంతులు
బాగుంది. కానీ దీనికి ఫోను అక్కరలేదు. పలకల మీద జవాబు రాసి, ఒకటి రెండు మూడు అనగానే ఎత్తి చూపించమంటే అదే పని అవుతుంది. మన పిల్లల చేతికి వచ్చిన మొదటి ట్యాబ్లెట్ పలకే కదా, ఛార్జింగు అవసరం లేనిది.

కొండపల్లి_బొమ్మ
పలకతో రెండేళ్లు చేశాను, మాస్టారు. మంచిదే. తేడా రెండు చోట్ల కనిపించింది. పలకలు ఎత్తగానే వెనకవాళ్లు ముందువాళ్లవి చూసి చెరిపి రాస్తారు. ఇంకొకటి, ఎవరు ఏ తప్పు దగ్గర ఆగారో సాయంత్రానికి నాకు గుర్తుండదు. ఫోనులో ఉంటుంది. నెట్ రాని రోజు నేనూ పలకలే ఎత్తిస్తాను.

నల్లమల_గాలి
మాది గిరిజన ప్రాంతం. ఇక్కడ విషయం కొంచెం వేరు, కాబట్టి చెప్పాలి. మా ఒకటో తరగతి పిల్లల్లో సగం మందికి ఇంట్లో లంబాడీ. టీవీలో తెలుగు పాఠం వాళ్లకు బొమ్మల వరకే. వాళ్లు మాట్లాడకపోతే మొద్దులని అనుకునే కొత్త టీచర్లను చూశాను. బాధ కలుగుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చి ఇంటి భాషతో చదువు మొదలుపెట్టారు. సవర, కోయ, గోండి, కొలామి, లంబాడీ వంటివి. ఆ ఆలోచనను నేను ఫోనుతో కొనసాగిస్తున్నాను. ఐదో తరగతి పిల్లలు ముగ్గురు ముగ్గురుగా తండాలోకి వెళ్లి నాయనమ్మల దగ్గర కథలు ఫోనులో పట్టుకొస్తారు. ఒకరు అడుగుతారు, ఒకరు ఫోను పట్టుకుంటారు, ఒకరు కథలోని వస్తువుల బొమ్మలు గీస్తారు. తరువాత ముగ్గురూ కలిసి ఆ కథను తెలుగులో చెప్పి మళ్లీ రికార్డు చేస్తారు. ఒకటో తరగతి వాళ్లకు రెండూ వినిపిస్తాము.

ఒక మాటకు తెలుగులో ఏమనాలో తేల్చుకోవడానికి ముగ్గురూ అరగంట వాదించుకున్న రోజులున్నాయి. అరగంట! వాచకంలో ఏ పాఠమూ వాళ్లను అంతసేపు కూర్చోబెట్టలేదు. పైగా ఆ నాయనమ్మలు ఇప్పుడు బడికి వస్తున్నారు, తమ గొంతు వినడానికి.

ఇద్దరు_పిల్లల_తల్లి
నల్లమల_గాలి గారు, ఇది చదివి కళ్లు చెమర్చాయి. మా అత్తగారితో పిల్లల చేత ఇదే చేయిస్తాను.

గోదారిగట్టు
అలాంటి కథలను ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో కూడా పెట్టవచ్చు. 2015 నుంచి ఉంది. అక్కడి కథలను ఎవరైనా తమ భాషలోకి మార్చి తిరిగి పెట్టుకోవచ్చు, అనుమతి ఉంది. తెలుగు కథలు చాలా ఉన్నాయి. టీవీ మీద పేజీ పేజీగా చూపిస్తూ, చివరి పేజీ రాకముందే ఆపి, ముగింపు గుంపులను రాయమంటాను.

పాత_చాక్‌పీసు
పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. 2020 సెప్టెంబరులో బళ్లు మూసి ఉన్నప్పుడు తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి చానల్‌లో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్‌లో వచ్చేవి గుర్తుందా? మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో ఏడుగురు పిల్లలు చేరేవారు. పాఠం ఎవరి కోసమూ ఆగదు. ఆ ఇంటి ఏడో తరగతి అమ్మాయి పాఠం అయ్యాక టీవీ కట్టేసి, అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి "ఇప్పుడు అతను ఏమన్నాడో నువ్వు చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగేది. ఒకరు వదిలిన ముక్క ఇంకొకరు అందుకునేవారు. నేను గేటు దగ్గర నిలబడి వినేవాడిని. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత తేలికైన సంగతి నాకు తట్టలేదు: టీవీ కట్టేశాకే ఆ పాఠం మొదలయ్యేది.

చింతచెట్టు_బడి
మాస్టారు, టీవీ పెట్టే ముందు ఏమడగాలో ఆలోచించాను గానీ కట్టేశాక ఏం చేయాలో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. గంట కొట్టేవరకు వీడియో నడవడమే.

ఒక భయం చెబుతాను. గుంపుల్లో మాట్లాడిస్తే గది దద్దరిల్లుతుంది. కిందటి ఏడాది తనిఖీకి వచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగి "తరగతి అదుపులో లేదు" అని రాసి వెళ్లారు. ఆ కాగితం నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

నాలుగో_గంట
ఆ మాట నాకూ పడింది. తరువాతిసారి వచ్చినవారిని నేను బయట నిలబడనివ్వలేదు. లోపలికి పిలిచి ఒక గుంపు మధ్యలో కూర్చోబెట్టాను. పిల్లలు ఆయన్ను కూడా "మీరేమంటారు సార్?" అని అడిగారు. ఆయనే పావుగంట వాదించారు. నివేదికలో ఏం రాశారో తెలియదు గానీ వెళ్లేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

మౌసుల_మేస్త్రి
గుంపులో ట్యాబు లాక్కోవడానికి ఒక మందు. నలుగురికి నాలుగు పనులు ఇవ్వండి. ఒకరు తెర ముట్టుకుంటారు కానీ తన ఇష్టంతో కాదు, మిగతా ముగ్గురు చెప్పినట్టే. ఒకరు చదువుతారు. ఒకరు రాస్తారు. ఒకరు "ఎందుకు?" అని మాత్రమే అడుగుతారు. ఎనిమిది నిమిషాలకు ఒకసారి గంట కొట్టి పనులు మార్చాలి. ఇంట్లో ఫోను అలవాటున్న పిల్లవాడికి మొదట "ఎందుకు" పని ఇవ్వండి. చేతులు కట్టుకుని నోటితో పని చేయడం వాడికి కొత్త చదువు.

సీమ_పంతులు
ఇదీ పద్ధతే. ఇంకొకటి కలపండి. 1971లో అమెరికాలో ఆస్టిన్ బళ్లలో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముక్కల పద్ధతి పెట్టాడు. అప్పుడే నల్లవాళ్ల పిల్లలు, తెల్లవాళ్ల పిల్లలు ఒకే గదిలోకి వచ్చి కొట్టుకుంటున్న రోజులు. పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడు చెబితే తప్ప పాఠం పూర్తి కాదు, కాబట్టి వినక తప్పదు. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి కదా. నీటి చక్రంలో ఆవిరి ఒక గుంపు, మబ్బు ఒక గుంపు, వాన ఒక గుంపు చూసి వచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో ముందే దింపుకుంటే బళ్లో నెట్ కూడా అక్కరలేదు.

గోదారిగట్టు
టీవీకి గుడ్డ కప్పమన్న మాస్టారేనా ఇది రాసింది?

సీమ_పంతులు
గుడ్డ పూర్తిగా తీసేయమనలేదు. అవసరమైనంత సేపే తీయమంటున్నాను.

చింతచెట్టు_బడి
పన్నెండు రోజుల తరువాత వస్తున్నాను. ఏం జరిగిందో చెప్పాలి.

వీడియో పెట్టకముందు ఒక తడి గుడ్డ గదిలో తీగ మీద ఆరేశాను. అది ఆరాక ప్రశ్న: నీళ్లు ఎక్కడికి పోయాయి? ఏ: గుడ్డలోనే దాక్కున్నాయి. బీ: గాలిలో కలిశాయి. సీ: నేలలోకి ఇంకాయి. డీ: సూర్యుడు తాగేశాడు. నెట్ సరిగా లేక కార్డుల బదులు పలకలే ఎత్తించాను. కళ్లు మూసుకుని ఎత్తమన్నాను, అందుకే ఎవరూ చూసి రాయలేదు. పదకొండు మంది సూర్యుడు తాగేశాడన్నారు.

తరువాత వాదన. ఇన్నాళ్లు తెర ముట్టుకోని ఆ వెనక వరుస అమ్మాయి మెల్లగా అంది, "గదిలో ఎండే లేదు కదా, సూర్యుడు ఎలా తాగుతాడు?" అందరూ ఆగిపోయారు. ట్యాబు లాక్కునే పిల్లవాడే ఆమె పక్కకు వెళ్లి "అయితే మరి ఎటు పోయాయి?" అని అడిగాడు. అప్పుడు ట్యాబులు ఇచ్చాను, వాళ్లకే వెతుక్కోవాలని ఉంది కాబట్టి. ముక్కల పద్ధతిలో మూడు గుంపులు చేశాను. ఆవిరి గుంపులో తెర ముట్టుకునే పని ఆ అమ్మాయిదే. మొదట వేలు వణికింది.

అన్నీ బాగా జరిగాయని అనను. వాన గుంపు తాము చూసింది చెప్పలేక నవ్వుతూ కూర్చుంది. మూడో తరగతి వాళ్లకు నాలుగు పనులు మార్చుకోవడం కుదరలేదు, రెండుకు తగ్గించాను. ఒకరోజు కొట్టుకున్నారు కూడా. గోల చాలా ఉంది. పక్క గదిలోంచి ప్రధానోపాధ్యాయుడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు, ఏమీ అనలేదు.

తరువాత ఏ ప్రశ్న పెట్టాలో తోచడం లేదు. సగం అటూ సగం ఇటూ ఉండేది కావాలి.

కొండపల్లి_బొమ్మ
గ్లాసులో మంచు నీళ్లు పోయండి. గ్లాసు బయట చెమట పడుతుంది. ఆ నీళ్లు ఎక్కడివి? గ్లాసులోంచి కారాయని గట్టిగా అనేవాళ్లు చాలామంది ఉంటారు. నీళ్లలో కాస్త పసుపు కలపండి, అప్పుడు వాదన ఇంకా రుచిగా ఉంటుంది.

పాత_చాక్‌పీసు
బయట పట్టిన తడిని తెల్ల కాగితంతో తుడవమనండి. పసుపు అంటిందో లేదో వాళ్లే చూస్తారు.

చింతచెట్టు_బడి
మా ఊరికి పొద్దున్నే చేపల బండి వస్తుంది, మంచుగడ్డ దానిలో దొరుకుతుంది. పసుపు వంట చేసే అక్కను అడుగుతాను. రేపే.